సూర్యకాంతం మెస్సు, రెండు దేశాల గ్యాసు

మామిడికుదురు నుంచి సముద్రం వైపు పోయే రోడ్డులో, బావుల గ్యాసు పోగుచేసే స్టేషను గేటు దాటగానే ఎడమ పక్క ఒక తాటాకు షెడ్డు ఉంది. ఇవాళ్టికి ఇంకా ఉంది. దానికి బోర్డు లేదు, అవసరమూ లేదు. మధ్యాహ్నం పన్నెండున్నరకి పులుసులో పడిన ఇంగువ పోపు గేటు లోపలికి వెళ్ళి, సెక్యూరిటీ వాళ్ళ పుస్తకంలో సంతకం పెట్టకుండానే ఇంజనీర్లని బయటికి లాక్కొస్తుంది. దాన్ని అందరూ సూర్యకాంతం మెస్సు అంటారు.

సూర్యకాంతం పుట్టింది కపిలేశ్వరపురం దగ్గర లంకలో. గోదారికి వరదొచ్చిందంటే సామానుతో పాటు పొయ్యిరాళ్ళు కూడా పడవెక్కించుకుని గట్టు చేరే ఇల్లు వాళ్ళది. అందుకని ఎక్కడ దింపితే అక్కడ అరగంటలో అన్నం వార్చడం ఆవిడకి చిన్నప్పుడే పట్టుబడింది. పద్దెనిమిదో ఏట వీరబాబుకిచ్చి పెళ్ళి చేసి మామిడికుదురు పంపేశారు. వీరబాబు మంచివాడు. ఆయనలో ఉన్న లోపమల్లా ఇంట్లో ఉండకపోవడమే. పెళ్ళైన మూడో ఏడు కువైట్ వెళ్ళి, అక్కడ నూనె బావుల క్యాంపులో వంటవాడిగా కుదురుకున్నాడు. రెండేళ్ళకోసారి వచ్చి, నలభై రోజులుండి, ఉన్న నలభై రోజులూ భార్య చేసిన కూరలో ఉప్పు గురించి మాట్లాడి వెళ్తాడు.

ఆయన వెళ్ళిన ఏడే ఇక్కడ గ్యాసు స్టేషను పెద్దది చేశారు. తవ్వకాల వాళ్ళు, వెల్డింగు వాళ్ళు, లారీల వాళ్ళు దిగారు. సూర్యకాంతం నాలుగు గుంజలు పాతి, తాటాకు కప్పి, మూడు రాళ్ళు పెట్టింది. అంతే, ఇరవయ్యొక్క ఏళ్ళు గడిచిపోయాయి. అక్కడ మొగుడు నూనె బావుల వాళ్ళకి వండుతున్నాడు, ఇక్కడ పెళ్ళాం గ్యాసు బావుల వాళ్ళకి వండుతోంది, లోకంలో భూమికి ఎక్కడ బొక్క పెట్టినా ఈ ఇంటి వాళ్ళే అన్నం పెట్టాలి కాబోలని ఊళ్ళో వేళాకోళం.

తేడా ఒక్కటే. వీరబాబు పొయ్యి ఆరు బర్నర్లది. గోడలోంచి గ్యాసు వస్తుంది. సూర్యకాంతం పొయ్యిలోకి పక్కనున్న కొబ్బరికాయల ఒలుపు కళ్ళంలోంచి డొక్కలు, అంటే ఒలిచేసిన పీచు తొక్కలు, వస్తాయి. హోటళ్ళకిచ్చే పెద్ద సిలిండరు ధర విన్న రోజున ఆవిడ ఆ ధర చెప్పినవాణ్ణి కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి పంపేసింది. వీడియో కాల్లో వీరబాబు తన పొయ్యి తిప్పి చూపించినప్పుడల్లా ఆవిడ ఫోను బోర్లా పెట్టేస్తుంది. రోజుకి లక్షల ఇళ్ళకి సరిపడే గ్యాసు తన షెడ్డు పక్కనుంచే పోతుందని ఆవిడకి తెలుసు. ఎక్కడికి పోతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు, ఆవిడా అడగలేదు.

ఆవిడ నోరు గురించి ఒక మాట చెప్పాలి. ఇంజనీరైనా, కూలీ అయినా ఆకులో మెతుకు వదిలితే తిట్టేస్తుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దవాళ్ళు హితవు చెప్పబోతే వాళ్ళకీ రెండు తగులుతాయి. కానీ గుమ్మంలోకి వచ్చిన మనిషి ఆకలితో వెళ్ళడం ఆ షెడ్డులో ఇంతవరకు జరగలేదు. షెడ్డున్న జాగా గ్యాసు కంపెనీది. ఖాళీ చెయ్యమని నోటీసు పట్టుకుని మూడుసార్లు మనుషులొచ్చారు. మూడుసార్లూ కడుపునిండా తిని, తిన్న ఇంటికి నోటీసు ఇవ్వడానికి చేతులు రాక, కాగితం జేబులో పెట్టుకునే వెళ్ళారు.

పోయినేడు దసరా వెళ్ళిన వారంలో సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు భోజనం వేళ కాని వేళ వచ్చారు. ఆయన కంపెనీలో ప్రజాసంబంధాల అధికారి. కంపెనీ ఏం చేసినా జనానికి మేలని చెప్పడం, జనం ఎంత తిట్టినా కంపెనీకి మెప్పని చెప్పడం ఆయన ఉద్యోగం. మంచి మనిషే. కాకపోతే భయస్తుడు. చెడ్డవాడితో వచ్చే నష్టం ముందే కనపడుతుంది గానీ, భయపడే మంచివాడు ఎప్పుడు ముంచుతాడో ఎవరూ చెప్పలేరు.

ఆయన చెప్పిన సంగతి ఇది. సముద్రంలో ఎక్కడో ఒక చిన్న దీవుల దేశం ఉంది. జనాభా మొత్తం కూడితే మన అమలాపురం, రాజోలు, కొత్తపేట కలిపినంత కూడా ఉండదు. వాళ్ళ సముద్రం అడుగున గ్యాసు పడింది. తియ్యడానికి వాళ్ళకి యంత్రాలు లేవు. మనకి యంత్రాలున్నాయి, గ్యాసే చాలదు. మనవాళ్ళు తవ్వి పెడతారు, వాళ్ళు గ్యాసు ఓడల్లో పంపుతారు, బదులుగా మన బియ్యం, మందులు, సిమెంటు వాళ్ళకి చవగ్గా వెళ్తాయి. అంతా కుదిరింది. అయితే సంతకానికి ముందు ఆ దేశపు ఇంధన శాఖ కార్యదర్శి, ఒక పెద్దావిడ, ఒక కోరిక కోరింది. మీరు ఇదివరకు గ్యాసు తీసిన ఊరొకటి చూపించండి, అక్కడి వాళ్ళు ఎలా బతుకుతున్నారో చూసి సంతకం పెడతానంది. ఢిల్లీలో వాళ్ళు ఓ దానికేం అన్నారు. వాళ్ళకేం, అంటారు. చూపించాల్సింది సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు.

"మీ మెస్సుకి గ్యాసు గొట్టం వచ్చినట్టు చూపిద్దామండి," అన్నారాయన.

"వచ్చినట్టాండి, వత్తాదాండి?" అంది సూర్యకాంతం.

"ముందు వచ్చినట్టండి. తర్వాత నెమ్మదిగా వస్తుందండి."

ఆయన గొంతు తగ్గించారు. షెడ్డు ఖాళీ చేయించే కాగితం నాలుగోసారి తయారై తన బల్ల మీదే ఉందనీ, దీవుల ఆవిడ సంతోషంగా వెళ్తే అది ఆ బల్ల మీదే ఉండిపోతుందనీ, ఆవిడ మొహం ముడుచుకుని వెళ్తే మాత్రం ఇక తన చేతుల్లో ఏమీ ఉండదనీ నేల చూపులు చూస్తూ చెప్పారు. చెప్పి, బెల్లం కాఫీ తాగి వెళ్ళారు.

ఆ రాత్రి సూర్యకాంతానికి నిద్ర పట్టలేదు. షెడ్డు పోతే ఆకలికి చచ్చిపోదు, వీరబాబు డబ్బు పంపుతాడు. కానీ ఇరవయ్యొక్క ఏళ్ళుగా ఆవిడ ఎవరి చేతి కిందా లేదు. కూతురు సాయిదుర్గ అమలాపురంలో డిగ్రీ చదువుతోందంటే ఈ మూడు రాళ్ళ మీదే చదువుతోంది. ఈ గుంజలు పీకేస్తే తను మళ్ళీ మొగుడు పంపితే తినే మనిషి అవుతుంది.  పొద్దున్నే కబురు పంపింది, సరేనని.

రెండు రోజుల్లో పనివాళ్ళు వచ్చి గోడ కట్టారు. తాటాకు షెడ్డుకి ఇటుక గోడ ఒక్కటి, ఒకే ఒక్కటి. దానికి తెల్ల సున్నం, పసుప్పచ్చ గొట్టం, గొట్టానికి మీటరు, మీటరు కింద మెరిసిపోయే కొత్త స్టీలు పొయ్యి. గొట్టం గోడలోంచి అవతలికి పోయింది. అవతల డొక్కల గుట్ట. గుట్ట మాటున పైపులు వేసే కుర్రాళ్ళు టీ కాచుకునే చిన్న ఎర్ర సిలిండరు. దాన్ని డొక్కలతో కప్పేశారు. దీవుల ఆవిడ వచ్చి పొయ్యి వెలిగిస్తుంది, రెండు గ్లాసుల టీ కాస్తారు, ఫోటో తీస్తారు, కార్లెక్కుతారు. రెండు గ్లాసుల టీకి సిలిండరులో ఉన్నది సరిపోతుంది. అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు కదా, సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు బాగానే అతికించారు. ఆయన మర్చిపోయిందల్లా తను ఏ సీమలో ఉన్నారన్నది.

కొత్త పొయ్యి మీద ముందు పాలు పొంగించాలి. పాలు పొంగకుండా ఆ పొయ్యి మీద టీ కాదు కదా, నీళ్ళు కూడా కాచరు. ఆ మాట సూర్యకాంతం చెప్తే ఆయన దానికేముందండీ, అరలీటరు పొంగించండి, విదేశీయులు సంప్రదాయం చూసి ముచ్చటపడతారు అన్నారు. అనేసి పొద్దున్నే కార్లకి ఎదురెళ్ళారు.

ఆయన అటు వెళ్ళగానే పాలకేంద్రం కొండలరావు బిందె పట్టుకుని దిగాడు. మన ఊరికి గ్యాసొస్తోంది, పైదేశం ఆవిడ చేతుల మీదుగా పాలు పొంగిస్తున్నారు, అందులో నా పాలు లేకపోతే ఎలాగ అన్నాడు. ఐదు లీటర్లు. అతని పాలు పోశాక ఎదురింటి వాళ్ళ చెంబు వద్దంటే బావుండదు. ఎదురింటి వాళ్ళది పోశాక పక్కింటి వాళ్ళది వద్దంటే తగువు. పది గంటలయ్యేసరికి ఊళ్ళో పాడి ఉన్న ఇంటి నుంచల్లా చెంబో, గిన్నో వచ్చేసింది. పాడి లేనివాళ్ళు ప్యాకెట్టు కొని తెచ్చారు. మెస్సులో కూరలు తరిగే వీరాయమ్మ, డెబ్బై ఏళ్ళ మనిషి, తన వంతు చారెడు తెచ్చి పోసింది. అరలీటరు గిన్నె పోయి బిందె వచ్చింది, బిందె పోయి పెళ్ళిళ్ళకి పులిహోర కలిపే ఇత్తడి గుండిగ వచ్చింది. మిగిలిన పాలతో పరమాన్నం వండి ఊరంతా పంచుదామనుకున్నారు. మెరిసే స్టీలు పొయ్యి మీద ఆ గుండిగ పెడితే పొయ్యి కనపడటం మానేసింది.

పదకొండింటికి కార్లొచ్చాయి. దీవుల ఆవిడకి యాభై పైన ఉంటాయి. నల్లగా, పొట్టిగా, నూలు చీరలాంటిదేదో కట్టుకుని, జుట్టు ముడేసుకుని ఉంది. మన కృష్ణారాయుడుపేట వైపు ఏ ఇంటి గుమ్మంలో నించున్నా ఎవరూ రెండోసారి చూడరు. సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు షెడ్డులోకి అడుగుపెట్టి గుండిగని చూశారు. ముందు అదేమిటో ఆయనకి అర్థం కాలేదు. తొంగి చూశారు. పాతిక లీటర్ల పాలు నిమ్మళంగా ఉన్నాయి.

"ఇదేంటండీ సూర్యకాంతం గారూ?" అన్నారు, పెదాలు కదలకుండా.

"ఊరి పాలండి. కాదంటే బావుండదని," అంది సూర్యకాంతం.

అప్పటికే ఎవరో అగ్గిపుల్ల అందించారు. దీవుల ఆవిడ వెలిగించింది. నీలం మంట చక్కగా వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటోలు తీశారు. ఢిల్లీ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, కోటు వేసుకుని చెమటలో తడిసిపోతూ, రెండు దేశాల చెలిమి ఈ మంటలాగే వెలగాలన్నాడు. మాట్లాడినంతసేపూ వెలిగింది. ఆయన కూర్చున్నాక కూడా వెలిగింది. పాలు మాత్రం వేడెక్కలేదు. పది నిమిషాలు. పావుగంట. సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు ఇక భోజనాలకి లేద్దామా అన్నారు. పాలు పొంగకుండా లేవకూడదని వీరాయమ్మ అడ్డం నించుంది. దీవుల ఆవిడ దాని అర్థం అడిగి తెలుసుకుని, అయితే కూర్చుంటానని కుర్చీ దగ్గరికి లాక్కుంది. సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు తన జన్మలో పాల గురించి అంత ఆలోచించి ఉండరు. ముప్పై నిమిషాలకి పాల అంచున చిన్న బుడగలు లేచాయి. అప్పుడే మంట ఎర్రబడింది. ఒక్కసారి టప్ మంది, ఆరిపోయింది.

 గొట్టంలో ఒత్తిడి తగ్గిందని, సాంకేతిక లోపమని సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు ఇంగ్లీషులో మొదలెట్టారు. సూర్యకాంతానికి ఆ మాటలేవీ వినపడలేదు. పొంగబోయిన పాలు పొయ్యి మీదే చల్లారిపోవడం ఆవిడ పుట్టాక ఎన్నడూ చూడలేదు, వినలేదు. షెడ్డు సంగతి, నోటీసు సంగతి, దేశాల సంగతి అన్నీ మర్చిపోయింది. రెండు పాత గుడ్డలు తీసుకుని, కొండలరావుని అవతలి చెవి పట్టమని, గుండిగ ఎత్తించి తిన్నగా వెనకనున్న మూడు రాళ్ళ మీద పెట్టించింది. నిప్పు రాజెయ్యడానికి డొక్కలు కావాలి. గుట్ట దగ్గరికి వెళ్ళి రెండు చేతులా లాగింది. ఎండు డొక్కలు జారాయి. ఎర్ర సిలిండరు, మెడకి గొట్టం తగిలించుకుని, పట్టపగలు అందరి ఎదుటా నిలబడింది.

వెనకాలే వచ్చిన దీవుల ఆవిడ సిలిండరుని చూసింది. గొట్టం వెంట చూపు నడిపించి గోడదాకా వెళ్ళి వచ్చింది.  చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, సూర్యకాంతం కంగారులో అడ్డదిడ్డంగా కుక్కిన డొక్కల్ని బయటికి లాగి, నిలువుగా పేర్చి, మధ్యలో గాలికి సందు వదిలి, ఒక్క ఊదు ఊదింది. మంట భగ్గున లేచింది. వీరాయమ్మ బుగ్గన వేలేసుకుంది. ఈవిడెవరో మన మనిషే అంది. ఐదు నిమిషాల్లో పాతిక లీటర్ల పాలూ నురగ కట్టి అంచులు దాటి పొయ్యిలోకి దూకాయి. ఆడవాళ్ళంతా ఊపిరి పీల్చుకున్నారు.

అప్పుడు దీవుల ఆవిడ చేతి మసి దులుపుకుంటూ సూర్యకాంతాన్ని ఇంగ్లీషులో ఏదో అడిగింది. సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు మధ్యలోకి వచ్చి, భోజనాలు సిద్ధమేనా అంటున్నారండి అన్నారు.

"ఆయ్, పది నిమిషాల్లో ఆకులేసేత్తానండి," అంది సూర్యకాంతం.

ఆయన ఆవిడ వైపు తిరిగి ఆ జవాబుని ఇంగ్లీషులో కొంచెం పొడుగ్గానే చెప్పారు. కాలేజీ మానేసి వచ్చి పక్కనే నించున్న సాయిదుర్గ మొహం మాడిపోయింది.

"అమ్మా, ఆవిడ అడిగింది భోజనాల గురించి కాదు. ఈ గొట్టంలో ఎప్పుడన్నా గ్యాసు వచ్చిందా అని. నువ్వు రోజూ వత్తాదని చెప్పేవంట."

సూర్యకాంతం సుబ్రహ్మణ్యేశ్వరరావు గారి మొహం చూసింది. ఆయన రెండు చేతులూ జోడించలేదు గానీ, కళ్ళతో జోడించేశారు. షెడ్డు గుంజలు చూసింది. అవునమ్మా, వస్తుంది, ఇవాళే ఏదో అయింది అంటే చాలు, నాలుగో కాగితం బల్ల మీదే ఉంటుంది. ఆవిడ నోరు తెరిచింది కూడా. ఎదురుగా ఆ పరాయి దేశపు మనిషి మోచేతుల దాకా మసితో, పొగకి కారిన కళ్ళు తుడుచుకుంటూ నించుంది. ఇంకో పది నిమిషాల్లో తన చేతి అన్నం తినబోయే మనిషి. అదే చేత్తో అబద్ధం కూడా వడ్డించడం సూర్యకాంతం వల్ల కాలేదు.

"రాలేదండి," అంది. "ఇరవయ్యొక్కేళ్ళుగా మా పక్కనించే పోతంది గానీ మా పొయ్యిలోకి రాలేదు. ఈ బాబుగార్నేం అనకండి, ఆయన చిన్న ఉద్యోగి. తప్పు మాదేనండి. తవ్వడానికొచ్చిన్నాడు మేం కొబ్బరి బొండాలు కొట్టిచ్చి, మంచాలేసి కూర్చోబెట్టేం. మాకేం ఇత్తారని అడగలేదు. వచ్చినోళ్ళని అలా అడిగితే మర్యాద కాదనుకున్నాం."

సాయిదుర్గ ఇంగ్లీషు అమలాపురం దాకానే వెళ్ళింది, అయినా ఆ రోజు సముద్రం దాటింది. దీవుల ఆవిడ సంచిలోంచి చిన్న పుస్తకం తీసింది. సూర్యకాంతం ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

"మీరు సంతకం పెట్టండమ్మా. గ్యాసు మంచిదే, ఈ పొగకి నా కళ్ళు పోతన్నాయి. కాకపోతే మొదటి గొట్టం మీ ఊళ్ళకి ఏసేకే మిగతాది ఓడెక్కాలని కాయితం మీద రాయించుకోండి. అడగందే అమ్మైనా పెట్టదండి. మేం అడగలేదు."

కోటు పెద్దమనిషికి తెలుగు రాదు, పొగకి దూరంగా నించోవడంతో సాయిదుర్గ ఇంగ్లీషూ వినపడలేదు కాబట్టి నవ్వుతూనే ఉన్నాడు. సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు డొక్కల గుట్ట మీద కూలబడ్డారు. ఆ తర్వాత భోజనాలు బ్రహ్మాండంగా జరిగాయి. అరటికాయ ఆవకూర, దోసకాయ పప్పు, బొమ్మిడాయిల పులుసు, ఊరి పాల పరమాన్నం. దీవుల ఆవిడ పులుసు రెండుసార్లు వేయించుకుంది. గుట్ట మీద కూర్చున్నాయనకి సూర్యకాంతమే ఆకు తీసుకెళ్ళి వడ్డించింది. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ తిన్నారు.

కార్లు వెళ్ళాక సూర్యకాంతం షెడ్డు గుంజకి ఆనుకుని చతికిలబడింది. ఉన్న గూడు తన నోటితో తనే పీకేసుకున్నానని ఏడ్చింది. గేటు దగ్గర జీపు చప్పుడైనప్పుడల్లా గరిటె కింద పడేసేది. వీరబాబు కువైట్ నుంచి ఫోను చేసి, నువ్వు రెండు దేశాల మధ్య వేలు పెట్టేవంట, నా వీసాకేమన్నా ఇబ్బంది వత్తాదా అని అడిగాడు. ఆ ఒప్పందానికీ కువైట్‌కీ సంబంధం లేదని సాయిదుర్గ గంట సేపు నచ్చచెప్పాల్సొచ్చింది.

నెల పైన పది రోజులకి పేపర్లో పడింది. ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అందులో ఒక షరతు మీద దీవుల వాళ్ళు పట్టుబట్టి నెగ్గించుకున్నారట. తవ్వకం జరిగే తీరంలో ప్రతి ఇంటి పొయ్యికీ గ్యాసు చేరాకే మొదటి ఓడ కదలాలి. దాంతో పాటు ఇంకో చిన్న మాట, ఏడాది తిరిగేలోగా తమ కార్యదర్శి తను పాలు పొంగించిన ఊరికే మళ్ళీ వచ్చి పొయ్యి చూస్తుందని.

ఆ పేపరు వచ్చిన నాలుగో రోజు మధ్యాహ్నం రెండింటికి సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు వచ్చారు. ఎండలో ఊరంతా కొలతలు తీయించి, పొద్దున్న టిఫిను కూడా లేకుండా వచ్చారు. ఆకు ముందు కూర్చుని నీళ్ళు చిలకరించుకున్నారు. ఊళ్ళో మూడొందల ఇళ్ళకి నిజం గొట్టం వేస్తున్నామన్నారు. వీరాయమ్మ దండం పెట్టింది. అయితే ఆ గొట్టం రోడ్డు దిగే దారి సరిగ్గా ఈ షెడ్డు కిందనుంచేనన్నారు. వేరే దారి లేదండి, కాలవ అడ్డమొస్తోంది అన్నారు. షెడ్డు తియ్యాలి. కాలవ అవతల కంపెనీ జాగాలో మెస్సు పెట్టుకోనిస్తాం, అక్కడికీ గ్యాసు ఇస్తాం, నేనున్నాను కదండీ అని, అభ్యంతరం లేదని సంతకం పెట్టమని కాగితం ఒకటి ఆకు పక్కన పెట్టారు. అందులో జాగా సంగతి గాని, గ్యాసు సంగతి గాని ఒక్క ముక్క లేదని సాయిదుర్గ చదివి చెప్పింది.

సూర్యకాంతం అన్నం గిన్నె చంకన పెట్టుకుని, వడ్డించే హస్తం పట్టుకుని నించుంది. పులుసు పొగలు కక్కుతోంది. ఆవిడ ఎంతకీ వంగలేదు.

"ఆ జాగా ఎంతో రాయండి బాబుగారూ. అక్కడ నా పొయ్యిలో గ్యాసు ఎలిగేకే ఈ గుంజ మీద చెయ్యేత్తామని రాయండి. స్టాంపు ఎయ్యండి."

"రాస్తానండి. ముందు వడ్డించండి, కళ్ళు తిరుగుతున్నాయి."

"ముందు రాయండి."

ఆయన నమ్మలేనట్టు చూశారు. వీరాయమ్మ కూడా చూసింది. బల్లల దగ్గర తింటున్న వెల్డింగు వాళ్ళు చేతులు ఆపేశారు. సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు ఫోను తీసి పైవాళ్ళతో మాట్లాడారు, బతిమాలారు, దీవుల కార్యదర్శి పేరు రెండుసార్లు చెప్పారు, గేటు లోపలికి వెళ్ళి స్టాంపు వేయించుకొచ్చారు. నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆయన ఖాళీ ఆకు అలాగే ఉంది. దాన్ని చూడలేక సూర్యకాంతం గోడకేసి తిరిగి నించుంది.

కాగితం సాయిదుర్గ రెండుసార్లు పైకి చదివాక ఆవిడ సంతకం పెట్టి, అన్నం వడ్డించింది. పులుసు ఆకు దాటి పారేదాకా పోసింది. నెయ్యి ఒకటికి నాలుగు చెంచాలు వేసింది. ఆయన తలెత్తకుండా తిని, పులుసు బావుందండి అని మాత్రం అని వెళ్ళిపోయారు.

సాయిదుర్గ ఎంత బతిమాలినా ఆ పూట సూర్యకాంతం మెతుకు ముట్టలేదు. ఆకలితో కూర్చున్న మనిషి ముందు అన్నం పట్టుకుని కూడా పెట్టకుండా నించున్నానే, మా అమ్మే ఉంటే ఈ చెయ్యి విరిచేసేది అని ఒకటే ఏడుపు. ఏడుస్తూనే కొంగుతో చేతులు తుడుచుకుని, ఆ కాగితం ఇంకోసారి చదవమంది.